నల్లగొండలో ఇల్లు అమ్మాలంటే: ఏజెంట్‌ను పిలవక ముందు నుంచి తాళాలు ఇచ్చేదాకా

నాన్న పోయిన రెండేళ్లకు దేవరకొండ రోడ్డు వైపున్న మా ఇల్లు అమ్మకానికి పెట్టాం. అమ్మ హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చేసింది. చెల్లె మిర్యాలగూడలో ఉంటుంది. తాళం వేసిన ఇంట్లో దర్వాజాలకు చెదలు పట్టడం మొదలైంది. "ఏజెంట్‌కు అప్పజెప్తే అన్నీ ఆయనే చూసుకుంటాడు" అని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. చివరికి పది నెలలు పట్టింది. కొంటామనేవాళ్లు రెండో నెలలోనే వచ్చారు. మిగతా కాలమంతా మా కాగితాల్లోని తప్పులు దిద్దుకోవడానికి, మొదటి ఏజెంట్‌తో సరిగ్గా మాట్లాడుకోని మాటలను సరిచేసుకోవడానికి పోయింది. మీకు ఆ తిప్పలు రాకూడదని ఇదంతా వరుసగా రాస్తున్నాను. నేను నల్లగొండ సంగతి చెప్తున్నా, మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తిలో కూడా పద్ధతి ఇదే.

మొదటి పని: ఏజెంట్ కంటే ముందు కాగితాలు

ఇల్లు అమ్మాలనుకున్న రోజే బీరువాలోంచి దస్తావేజులు బయటికి తీయండి. మీ పేరు మీదున్న సేల్ డీడ్ ఒక్కటే చాలదు. మీకు అమ్మినవారికి ఆ స్థలం ఎలా వచ్చిందో చెప్పే లింక్ డాక్యుమెంట్లు కూడా కావాలి. కొనేవారు బ్యాంకు లోన్‌కు వెళ్తే బ్యాంకు లాయరు సాధారణంగా ముప్పై ఏళ్ల వెనక్కి అడుగుతాడు. ఏదైనా లింక్ డాక్యుమెంట్ పోయి ఉంటే కంగారు పడొద్దు. నంబరు, సంవత్సరం తెలిస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు.

తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. 1983 నుంచి ఉన్న లావాదేవీలు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే కనిపిస్తాయి. మీసేవలో కూడా తీసుకోవచ్చు. తీసుకున్నాక అందులోని ఒక్కో వరుసా చదవండి. ఎప్పుడో తీర్చేసిన పాత తాకట్టు ఇంకా రద్దు కాకుండా అందులో ఉండిపోవడం చాలా ఇళ్ల విషయంలో జరుగుతుంది. లోన్ తీరిపోయినా బ్యాంకు రిలీజ్ డీడ్ (తాకట్టు విడుదల పత్రం) చేయకపోతే అది అలాగే ఉంటుంది. ఇంకో మాట: లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఒరిజినల్ కాగితాలు తిరిగి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. 2023 డిసెంబర్ 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. ఈ సంగతి తెలిసి అడిగితే ఫైలు తొందరగా కదులుతుంది.

ఇప్పుడు మా ఇంటి కథ. డీడ్‌లో 200 గజాలు అని ఉంది. కొనడానికి వచ్చినాయన తన వెంట మేస్త్రీని తెచ్చుకుని టేపు పెట్టి కొలిపించాడు. 186 గజాలే వచ్చింది. ఎప్పుడో సీసీ రోడ్డు వేసేటప్పుడు ముందరి గోడ లోపలికి జరిపి కట్టుకున్నాం, ఆ సంగతి నాన్నకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఆ ఒక్క కొలతతో బేరం అక్కడే ఆగిపోయింది. "ఇంకేం దాస్తున్నరో" అన్నట్టు చూశాడాయన. తప్పు మాది కాకపోయినా ముఖం చెల్లలేదు. అందుకే ఎవరినీ పిలవక ముందే మీరే టేపు పట్టుకుని నాలుగు వైపులా కొలవండి. డీడ్‌లోని హద్దులు ఇప్పటి హద్దులతో సరిపోతున్నాయో లేదో చూడండి. తూర్పున ఖాళీ ప్లాటు అని రాసి ఉన్నచోట ఇప్పుడు ఎవరిదో బిల్డింగు ఉంటుంది. ఇంటి నంబరు కూడా మారి ఉండొచ్చు. డీడ్‌లో పాత నంబరు, పన్ను రసీదులో కొత్త నంబరు ఉంటే, రెండూ ఒకే ఇంటివని మున్సిపల్ ఆఫీసు నుంచి రాయించుకుని పెట్టుకోండి.

ఇంటి పన్ను, నల్లా బిల్లు, కరెంటు బిల్లు బకాయిలు లేకుండా కట్టేయండి. ఇంటి పర్మిషన్ ప్లాన్ ఉంటే వెతికి పెట్టండి, అది లేకపోతే కొనేవారికి వచ్చే లోన్ తగ్గుతుంది, ఒక్కోసారి అసలే రాదు. ఊరి అంచున అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నవారు 2020లో ఎల్ఆర్ఎస్‌కు (అలాంటి లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం) పెట్టుకున్న దరఖాస్తు రసీదు దగ్గర పెట్టుకోవాలి. గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలంలో) ఇల్లయితే సేల్ డీడే ఉండకపోవచ్చు. అలాంటప్పుడు పంచాయతీ ఇచ్చే యాజమాన్య పత్రం, ఇంటి పన్ను రసీదులే ఆధారం.

సంతకాలు ఎవరెవరివి

దీని దగ్గర కొంచెం ఆగుతాను. మన దగ్గర ఇళ్ల అమ్మకాలు చెడేది ఎక్కువగా ఇక్కడే.

నాన్న సొంతంగా కొన్న ఇల్లు, వీలునామా రాయకుండా పోయారు అనుకుందాం. హిందూ కుటుంబమైతే అమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. నాయనమ్మ బతికి ఉంటే ఆమెకు కూడా. పెళ్లయిందా, కట్నం ఇచ్చామా అనే లెక్క చట్టంలో లేదు. పూర్వీకుల ఆస్తిలో కూడా కూతురికి కొడుకుతో సమాన హక్కుందని 2005 సవరణ చెప్తోంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకు చాలా ముందే, 1986లోనే, ఈ దిశగా చట్టం వచ్చింది. ముస్లిం కుటుంబాల్లో వాటాల లెక్క వేరు గానీ, కూతుళ్లకు వాటా అక్కడా ఉంటుంది.

"చెల్లె ఏమంటది, ఆమె ఏం అడగదు" అనుకుని ఆమెకు చెప్పకుండా అమ్మకానికి పెట్టేవాళ్లను చూశాను. అడగకపోవచ్చు. కానీ రిజిస్ట్రేషన్ ఇంక రెండు రోజులుందనగా ఫోన్ చేసి "వచ్చి సంతకం పెట్టు" అంటే ఆమె మనసు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించండి. మొదటి రోజే కూర్చోబెట్టి మాట్లాడండి, ధర ఎంత అనుకుంటున్నామో, ఎవరికెంత వస్తుందో చెప్పండి. మా చెల్లె "నా వాటా అమ్మ పేరు మీద వెయ్యండి" అంది. అది ఆమె ఇష్టం. సంతకం మాత్రం ఆమె కూడా పెట్టింది. తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నాన్న డెత్ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండి. పన్ను రికార్డులో కూడా పేరు మార్పించుకోండి.

వారసుల్లో ఎవరైనా అమెరికాలోనో, దుబాయ్‌లోనో ఉంటే జీపీఏ, అంటే తమ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం, పంపాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించుకుని పంపిస్తే, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించుకోవాలి. దీనికి ఎలా లేదన్నా నెల పైనే పడుతుంది, అందుకే ఆలస్యం చేయొద్దు.

ధర ఎలా కట్టాలి

మూడు అంకెలు వేర్వేరుగా రాసుకోండి. ఒకటి, ప్రభుత్వ మార్కెట్ వాల్యూ. ఇది రిజిస్ట్రేషన్ శాఖ సైటులో మీ కాలనీ పేరు మీద ఉచితంగానే చూసుకోవచ్చు. రెండు, మీ గల్లీలో ఈ ఏడాదిలో అమ్ముడుపోయిన ఇల్లు నిజంగా ఎంతకు పోయింది అనేది. ఇది ఏజెంట్‌ను అడిగి తెలుసుకునేది కాదు, అమ్మినవాళ్లను, పక్కింటివాళ్లను, మేస్త్రీలను అడగాలి. మూడు, మీకు ఇంతకంటే తగ్గితే అమ్మను అనుకునే ధర. ఈ మూడోది మీ గుండెలోనే ఉండాలి. ఏజెంట్‌కు అస్సలు చెప్పొద్దు. చెప్పిన మరుక్షణం నుంచి ఆయన బేరం మొదలుపెట్టేది ఆ అంకె దగ్గరే.

పాత ఇంట్లో విలువంతా నేలదే. గజం రేటు వేరు, కట్టడం రేటు వేరు అని విడదీసి చూడండి. పాతికేళ్ల స్లాబుకు మీరు పెట్టిన ఖర్చు ఎవరూ ఇవ్వరు. మీరు పెట్టించిన గ్రానైటు మీద మీకు ప్రేముంటుంది, కొనేవాడు పడగొట్టి జీ ప్లస్ టూ వేసుకోవాలని చూస్తుంటాడు.

ఏజెంట్‌తో మాట

మన పట్నాల్లో ఇళ్ల ఏజెంట్లు ఎక్కువగా అమ్మేవారి దగ్గరా, కొనేవారి దగ్గరా ఇద్దరి నుంచీ కమీషన్ తీసుకుంటారు. ఒక శాతం మామూలు, కొందరు రెండు శాతం అడుగుతారు. 40 లక్షల ఇంటికి ఒక శాతమంటే 40 వేలు. మంచి ఏజెంట్ ఆ డబ్బుకు తగిన పని చేస్తాడు. కొనే స్తోమత ఉన్నవాళ్లనే తెస్తాడు, బేరం చెడబోతుంటే ఇద్దరికీ సర్ది చెప్తాడు, రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నుంచీ మీతో నిలబడతాడు. కొత్త వెంచర్లు, అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులు అమ్మే ఏజెంట్లకు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ సొంత పాత ఇల్లు మీరే అమ్ముకునేటప్పుడు ఆ చట్టం సాధారణంగా వర్తించదు. కాబట్టి మీకు రక్షణ మీరు రాయించుకున్న కాగితమే.

మొదటి ఏజెంట్ మా ఇంటికొచ్చి డాబా ఎక్కి చుట్టూ చూశాడు. కిందికి దిగి నా భుజం మీద చెయ్యేసి, "అన్నా, నీ చేతికి ఎంత రావాల్నో చెప్పు. మీద వచ్చింది నేను చూస్కుంట. నీకు కమీషన్ లెక్కే లేదు" అన్నాడు. నాకు బాగానే అనిపించింది. ఒక అంకె చెప్పాను. తర్వాత తెలిసింది, ఆయన బయట నాలుగు లక్షలు ఎక్కువ చెప్తున్నాడని. ఆ ధరకు వచ్చినవాళ్లు వచ్చినట్టే వెనక్కి పోయారు. వాళ్లను నాతో ఒక్కసారి కూడా నేరుగా మాట్లాడనివ్వలేదు. మూడు నెలలు అలా పోయాయి. "మీద వచ్చింది నాది" అనే పద్ధతికి ఎప్పుడూ ఒప్పుకోకండి. కమీషన్ ఎంత శాతమో చెప్పి, అసలు ధర మీకూ కొనేవారికీ ఇద్దరికీ తెలిసేలా ఉండాలని ముందే అనేయండి.

రెండో ఏజెంట్‌తో ఒక తెల్ల కాగితం మీద ఇవి రాసుకున్నాం: ఇంటి వివరం, అడిగే ధర, కమీషన్ శాతం, కమీషన్ మొత్తం రిజిస్ట్రేషన్ రోజు డబ్బు నా ఖాతాలో పడ్డాకే ఇస్తానని, ఒప్పందం మూడు నెలలకే అని. కొందరు బయానా (అడ్వాన్సు) నాడు సగం అడుగుతారు. ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే బయానా తర్వాతే అసలు పని ఉంటుంది.

ఒకేసారి ఐదారుగురికి చెప్పకండి. ఒక్కొక్కరు ఒక్కో రేటు చెప్తారు, ఒకే ఇల్లు మూడు ధరలతో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఆ ఇంట్లో ఏదో లొసుగుందని జనం అనుకుంటారు. ఒకరు, మహా అయితే ఇద్దరు చాలు. అలాగే ఏజెంట్ తెచ్చిన మనిషితో వెనక నుంచి మాట్లాడి ఆయన కమీషన్ ఎగ్గొట్టడం తప్పు. అది ఆయన కూలి.

దస్తావేజుల ఫొటోలు ఫోన్‌లో అందరికీ పంపొద్దు. జిరాక్స్ ఇవ్వండి, ప్రతి పేజీ మీద "కొనుగోలు పరిశీలన కోసం మాత్రమే" అని పెన్నుతో అడ్డంగా రాసి, తేదీ వేసి ఇవ్వండి. ఒరిజినల్స్ చూపించాల్సి వస్తే మీ ఎదురుగానే చూపించండి, చేతికి ఇచ్చి పంపకండి.

ఇల్లు చూపించడం

చెమ్మ పట్టిన గోడలు గీకించి రంగు వేయించండి, కారే నల్లాలు బాగు చేయించండి, ఫ్యూజు పోయిన బల్బులు మార్చండి. అద్దెకు ఉన్నవాళ్లుంటే గౌరవంగా ముందే చెప్పి, ఏ తేదీకి ఖాళీ చేస్తారో రాయించుకోండి.

నల్లగొండలో కొనేవాళ్లు ఇల్లు చూసే తీరు వేరుగా ఉంటుంది. మా ఇంటికొచ్చిన ఒక కుటుంబంలో పెద్దావిడ గదులేవీ చూడలేదు. నేరుగా వెనక్కి వెళ్లి నల్లా తిప్పి, దాని మూతి దగ్గర పేరుకున్న తెల్లటి పెచ్చును గోటితో గీకి చూసింది. "ఇది బోరు నీళ్లా, కృష్ణా నీళ్లా?" అని అడిగింది. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వంగిపోయిన ఎముకలను కళ్లారా చూసిన జిల్లా ఇది, ఆమె అడిగిన ప్రశ్న కంటే పెద్ద ప్రశ్న ఇంకోటి లేదు. మిషన్ భగీరథ నల్లా కనెక్షన్ రసీదు తీసి చూపించాను. బోరు ఎన్ని అడుగులో, ఎండాకాలంలో ఎంతసేపు పోస్తుందో దాచకుండా చెప్పాను. ఆమె ముఖం తేటపడింది. ఆ కుటుంబమే చివరికి మా ఇల్లు కొన్నది. నీళ్ల సంగతి అడగకముందే మీరే చెప్పండి.

ఆషాఢం, మూఢం రోజుల్లో చూడ్డానికి వచ్చేవాళ్లు తగ్గుతారు. అప్పుడు కంగారుపడి ధర తగ్గించొద్దు. శ్రావణం రాగానే మళ్లీ ఫోన్లు మొదలవుతాయి.

బయానా, అగ్రిమెంట్

ధర కుదిరాక బయానా తీసుకుని అగ్రిమెంట్ రాసుకోవాలి. బయానా బ్యాంకు ద్వారానే తీసుకోండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, పట్టుబడితే తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. "కొంత వైట్, కొంత బ్లాక్" అని ఏజెంట్ మామూలుగా అనేస్తాడు. జరిమానా నోటీసు మాత్రం మీ పేరు మీదే వస్తుంది.

అగ్రిమెంట్‌లో ఈ మాట ఉందేమో జాగ్రత్తగా చూడండి: "కొనుగోలుదారు లేదా వారు సూచించిన వారి పేరున రిజిస్ట్రేషన్ చేయించవలెను". కొందరు తక్కువ బయానా ఇచ్చి, ఈ ఒక్క వాక్యం పెట్టుకుని, ఆరు నెలలు మీ ఇంటిని పట్టుకుని ఎక్కువ ధరకు ఇంకొకరికి చూపిస్తుంటారు. కొన్నిసార్లు ఆ కొనేవాడు ఏజెంట్ మనిషే. కొనేవారి పేరు మీదే రిజిస్ట్రేషన్ అని, గడువు రెండు మూడు నెలలు దాటకూడదని, గడువు దాటితే బయానా సంగతి ఏమిటో స్పష్టంగా రాయించండి. బాకీలు ఎవరు కట్టాలి, కరెంటు మీటరు, మోటారు, ఫ్యాన్లు ఇంటితో పాటు వస్తాయా అనేవి కూడా రాసుకుంటే తర్వాత గొడవ ఉండదు. మొత్తం డబ్బు రాకముందు తాళం ఇవ్వొద్దు. "గృహప్రవేశం ముహూర్తం ఉంది, ఒక్క రోజుకు తాళం ఇయ్యండి" అన్నా ఇవ్వొద్దు. పాలు పొంగించుకున్న వాళ్లను బయటికి పంపడం ఎవరివల్లా కాదు.

రిజిస్ట్రేషన్ రోజు

ఖర్చులు మామూలుగా కొనేవారివే. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 40 లక్షలకు 3 లక్షలు. అందుకే కొనేవారు డీడ్‌లో ధర తగ్గించి రాయమంటారు. ఒప్పుకుంటే రేపు మీ డబ్బుకు లెక్క చూపలేక మీరే ఇబ్బంది పడతారు. వచ్చిన ధర మొత్తం రాయించండి.

2025 నుంచి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో స్లాట్ బుకింగ్ వచ్చింది. మీకు ఇచ్చిన సమయానికి అమ్మేవారంతా, కొనేవారు, ఇద్దరు సాక్షులు ఆధార్, పాన్ కార్డులతో ఉండాలి. వేలిముద్రలు, ఫొటోలు అక్కడే తీసుకుంటారు. ముసలివాళ్ల వేలిముద్రలు ఒక్కోసారి మిషన్ మీద పడవు, అమ్మకు నాలుగుసార్లు పెట్టించాల్సి వచ్చింది. ఒక గంట ముందే వెళ్లండి.

సంతకానికి ముందు డ్రాఫ్ట్ చదవండి. ప్రతి పేరు స్పెల్లింగు, ఇంటి నంబరు, గజాలు, నాలుగు హద్దులు. కొనేవారిది బ్యాంకు లోన్ అయితే బ్యాంకు మనిషి డీడీ తెస్తాడు. డీడీ మీద పేరు, మొత్తం సరిచూసుకోండి. సొంత డబ్బయితే ఆర్‌టీజీఎస్ మీ ఖాతాలో పడిందని బ్యాంకు మెసేజ్ చూశాకే సంతకం. "డాక్యుమెంట్ అయినంక సాయంత్రం ఏస్త" అన్న మాటకు తల ఊపొద్దు.

పన్ను లెక్క

ఇల్లు 50 లక్షలు, అంతకు మించి అయితే కొనేవారు ఒక శాతం టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) పట్టుకుని మీ పాన్ మీద కట్టాలి. నలుగురు వారసులు పంచుకున్నా మొత్తం ధరనే లెక్కలోకి తీసుకుంటారు. ఆ టీడీఎస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అమ్మేవారిలో ఎన్నారై ఉంటే ఈ 50 లక్షల పరిమితి ఉండదు, కోత చాలా ఎక్కువ. తక్కువ కోత కోసం ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

రెండేళ్లకు మించి ఉన్న ఇల్లయితే లాభం మీద 12.5 శాతం పన్ను. 2024 జూలై 23కు ముందు కొన్న ఇంటికి, ఇక్కడ నివసించేవారు ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం లెక్క కూడా వేసి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. వారసత్వంగా వచ్చిన ఇంటికి నాన్న కొన్న ధర, కొన్న తేదీనే మీవి. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు నాటి విలువ తీసుకోవచ్చు. వచ్చిన లాభంతో రెండేళ్లలో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆ మేరకు మినహాయింపు ఉంటుంది. రిటర్ను వేసే గడువులోగా ఇల్లు కుదరకపోతే డబ్బు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మామూలు పొదుపు ఖాతాలో వదిలేస్తే మినహాయింపు పోతుంది. బయానా తీసుకున్న వారంలోనే ఒక ఆడిటర్ దగ్గర కూర్చోండి, ఆయన ఫీజు దండగ కాదు.

తాళాలు ఇచ్చే రోజు

ఇచ్చిన కాగితాలన్నిటికీ జాబితా రాసి కొనేవారి సంతకం తీసుకోండి, రిజిస్టరైన డీడ్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. కరెంటు మీటరు పేరు మార్పుకు విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టించండి, ఆ రోజు రీడింగు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఇంటి పన్నులో పేరు మారిందో లేదో నెల తర్వాత ఒకసారి చూడండి. ఏజెంట్ కమీషన్ ఆ రోజే బ్యాంకు ద్వారా ఇచ్చేయండి.

బోరు స్టార్టర్ మొరాయించినప్పుడు ఏ బటన్ రెండుసార్లు నొక్కాలో, డాబా మీద నీళ్లు పోయే పైపు ఏ మూల మూసుకుపోతుందో ఆ పెద్దావిడకు చూపించి, మూడు తాళం చెవుల గుత్తి అమ్మ చేతుల మీదుగా ఇప్పించాను.